బలహీన ఆతిథేయిలో బాక్టీరియా విషాలు: సూడోమొనాస్ రక్తసంక్రమణపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయని కొన్ని బాక్టీరియాలు రోగనిరోధకశక్తి క్షీణించినవారి రక్తంలో చేరి ప్రాణాపాయం కలిగిస్తాయి. ఈ క్రమంలో బాక్టీరియా విషాలు ఏ దశలో ఏ పని చేస్తాయో సూడోమొనాస్ ఎరుగినోసా ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. రక్తంలో చేరకముందు విషాల పని దారి తెరవడమనీ, చేరిన తరువాత కలిగే నష్టంలో ఆతిథేయి ప్రతిస్పందనకు పెద్ద పాత్ర ఉందనీ, చికిత్సను ఈ భేదం దృష్ట్యా చూడాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బహిర్విషం, అంతర్విషం, న్యూట్రోఫిల్, శ్లేష్మపొర, సెప్సిస్.

ఉపోద్ఘాతం

గాయాల కట్లకు నీలి ఆకుపచ్చ రంగు పట్టించే చీము నుండి ఈ బాక్టీరియాను 1882లో ఫ్రెంచి శాస్త్రవేత్త కార్ల్ జెస్సార్ వేరుచేశాడు. ఇది నీటిలో, మట్టిలో, ఆసుపత్రి సింకు గొట్టాలలో నివసిస్తుంది. మనం దీనిని తరచు తాకుతూనే ఉన్నా వ్యాధికి గురికావడం అరుదు. అయితే రక్తక్యాన్సరుకు కీమోథెరపీ పొందుతున్నవారిలో, తీవ్రంగా కాలిన గాయాలున్నవారిలో, వెంటిలేటరుపై ఉన్నవారిలో ఇదే బాక్టీరియా రక్తప్రవాహంలోకి చొచ్చుకుపోతుంది. బాక్టీరియా మారలేదు, మారినది ఆతిథేయి స్థితి.

బలహీనత స్వరూపం

ఇక్కడ బలహీనత అంటే కేవలం నీరసం కాదు. మూడు రక్షణలు ఒకేసారి సడలడం. మొదటిది చర్మం, శ్లేష్మపొర. రెండవది న్యూట్రోఫిల్ కణాలు. ఒక మైక్రోలీటరు రక్తంలో వీటి సంఖ్య 500 కంటే తగ్గితే దానిని తీవ్రమైన లోపంగా పరిగణిస్తారు. మూడవది పేగులలోని సహజ సూక్ష్మజీవుల సముదాయం. కీమోథెరపీ మొదటి రెండింటిని, విస్తృత ప్రభావం గల యాంటీబయోటిక్‌లు మూడవదానిని దెబ్బతీస్తాయి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని బృందం రూపొందించిన మెథోట్రెక్సేట్ ఎన్నో ప్రాణాలను నిలిపిన ఔషధం. వేగంగా విభజన చెందే కణాలను అడ్డుకోవడం వల్ల అది క్యాన్సరును అదుపు చేస్తుంది. అదే కారణంగా పేగు లోపలి పొరను, ఎముకమజ్జను కూడా బాధిస్తుంది. ఔషధగుణమూ, దుష్ప్రభావమూ ఒకే మూలం నుండి వస్తున్నాయి.

దారి తెరిచే విషాలు

సూడోమొనాస్ తన ఉపరితలంపైనున్న సూదివంటి నిర్మాణం ద్వారా కొన్ని విషాలను నేరుగా ఆతిథేయి కణంలోకి పంపుతుంది. దీనిని మూడవ రకం స్రావవ్యవస్థ అంటారు. ఎక్సోఎస్, ఎక్సోటి, ఎక్సోయు, ఎక్సోవై అనేవి ఇందులో ప్రధానమైన విషాలు. ఎక్సోయు కణత్వచంలోని ఫాస్ఫోలిపిడ్‌లను ఛేదించి కణాన్ని త్వరగా చంపుతుంది. బాక్టీరియాలో ఉన్నంతకాలం ఇది నిద్రాణంగా ఉంటుంది. ఆతిథేయి కణంలోని యుబిక్విటిన్ తోడైతేనే క్రియాశీలమవుతుంది. ఎక్సోఎస్ కణ అస్థిపంజరాన్ని ఛిన్నాభిన్నం చేసి, భక్షకకణాలు బాక్టీరియాను మింగకుండా అడ్డుకుంటుంది.

వీటికి భిన్నంగా బహిర్విషం-ఏ బాక్టీరియా నుండి వెలుపలికి స్రవించి, కణంలో ప్రవేశించి, ప్రోటీన్ తయారీకి అవసరమైన దీర్ఘీకరణ కారకం-2ను నిష్క్రియం చేస్తుంది. డిఫ్తీరియా విషం పనితీరు కూడా ఇదే.

న్యూట్రోఫిల్‌లు ముందే లేనప్పుడు ఈ విషాల అవసరం ఏమిటన్న ప్రశ్న సహజం. భక్షకకణాలను నిలువరించడం వీటి పనిలో ఒక భాగం మాత్రమే. ఉపకళా కణాలను చంపి, వాటి మధ్య బంధాలను సడలించడం మరొక భాగం. ఆరోగ్యవంతునిలో ఇలా ఏర్పడిన చిన్న చీలిక దగ్గరికి న్యూట్రోఫిల్‌లు వెంటనే చేరుకుంటాయి. బలహీన ఆతిథేయిలో ఆ కావలి లేదు; కనుక చిన్న చీలికే రక్తానికి దారి అవుతుంది.

రక్తంలో చేరిన తరువాత

ఈ దశలో అంతర్విషం ముఖ్యమవుతుంది. ఇది స్రవించేది కాదు. బాక్టీరియా బాహ్యత్వచంలోని లైపోపాలిసాకరైడ్‌లో భాగం. బాక్టీరియా చీలినప్పుడు ఎక్కువగా విడుదలవుతుంది. మాక్రోఫేజ్‌లపైనున్న టిఎల్‌ఆర్-4 గ్రాహకం దీనిని గుర్తిస్తుంది. ఈ గుర్తింపును వెల్లడించిన పరిశోధనకు బ్రూస్ బాయిట్లర్ 2011లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. గుర్తింపు వెంట సైటోకైన్‌లు వెల్లువెత్తుతాయి. రక్తనాళాలు వ్యాకోచించి ద్రవం బయటకు కారుతుంది, రక్తపోటు పడిపోతుంది, సూక్ష్మనాళాలలో రక్తం గడ్డకడుతుంది. అంటే న్యూట్రోఫిల్‌లు లేకపోయినా వాపు ప్రతిస్పందన పూర్తిగా ఆగదు. రక్షణ లోపించిన చోటే ప్రతిస్పందన వల్ల నష్టం కలగడం ఈ వ్యాధిలోని వైరుధ్యం.

చికిత్సాపరమైన అంతరార్థం

చీములో ప్రధానభాగం న్యూట్రోఫిల్‌లే. అవి లేని రోగిలో చీము పట్టదు, వాపు స్పష్టంగా కనిపించదు. చాలాసార్లు జ్వరమే ఏకైక సూచన. కొందరిలో బాక్టీరియా రక్తనాళాల గోడలలో చేరి, మధ్యలో నల్లబడిన చర్మపుండ్లను కలిగిస్తుంది. ఇటువంటి రోగికి జ్వరం వస్తే రక్తపరీక్ష నమూనా తీసుకుని, ఫలితం కోసం వేచి ఉండకుండా, గంటలోపే సూడోమొనాస్‌పై పనిచేసే యాంటీబయోటిక్‌ను ప్రారంభించాలన్న నియమానికి కారణం ఇదే.

యాంటీబయోటిక్ బాక్టీరియాను చంపుతుంది గాని, అప్పటికే విడుదలైన విషాన్ని తొలగించదు. అంతర్విషాన్ని రక్తంలోనే అడ్డుకోవాలన్న ప్రయత్నాలు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. టిఎల్‌ఆర్-4ను నిరోధించే ఎరిటోరాన్ తీవ్రమైన సెప్సిస్ రోగులలో మరణాలను తగ్గించలేదని 2013లో వెలువడిన పెద్ద పరీక్ష తేల్చింది. ప్రతిస్పందన ఒకసారి మొదలైన తరువాత దాని మొదటి మెట్టును మూయడం ఆలస్యం కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. సూది నిర్మాణపు కొననున్న పిసిఆర్‌వి ప్రోటీన్‌పై ప్రతిదేహాలను పరీక్షించడం విషాన్ని ముందుదశలోనే ఆపాలన్న ఆలోచన ఫలితం.

ముగింపు

బలహీన ఆతిథేయిలో విషం ప్రభావాన్ని దాని తీవ్రతతో మాత్రమే కొలవలేము. అది ఎక్కడ, ఎప్పుడు, ఎటువంటి రక్షణ ఎదుట పనిచేస్తున్నదన్నది ప్రధానం. శ్లేష్మపొర సంరక్షణ, చేతుల శుభ్రత, యాంటీబయోటిక్‌ల మితమైన వినియోగం సాధారణ జాగ్రత్తలుగా కనిపించవచ్చు. దారి తెరుచుకోకముందే విషాన్ని ఎదుర్కొనే మార్గాలు అవే.