నాది దొంగనొప్పి కాదు

డ్రిల్లుకి రాకపోతే నాది దొంగనొప్పి అంటున్నారు. నాకు కోపం లేదు. సంగతి చెప్తాను, చదవండి.

నాకున్నది సికిల్ సెల్ జబ్బు. మీ ఎర్ర రక్తకణాలు గుండ్రంగా ఉంటాయి. నావి కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డం పడతాయి. రక్తం అందనిచోట నొప్పి పుడుతుంది. ఇది అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చింది. ఎవరికీ అంటుకోదు.

సంక్రాంతికి సంతబొమ్మాళిలో పెద్దమ్మ ఇంటికెళ్లి రోజంతా ఆడాను, నీళ్లు తాగలేదు. రాత్రికి కాళ్ల ఎముకలు పిండేసినట్టయింది. టెక్కలి ఆసుపత్రిలో చేర్చి సెలైను, నొప్పిమందు ఇచ్చారు. ఒంట్లో నీరు తగ్గినా, చలేసినా, జ్వరమొచ్చినా ఇలా అవుతుందని డాక్టరుగారు చెప్పారు.

2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో ఈ జబ్బుకి రక్తపరీక్షల పథకం మొదలెట్టింది. మీరూ చేయించుకోండి.

ఒక్క మాట. నాకు జ్వరం గానీ, ఛాతీనొప్పి గానీ, ఆయాసం గానీ వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. వార్డెన్ మాస్టార్ని లేపండి.