బైబిలనువాదకుడు కవర్డేలు

ఆంగ్లభాషలో సంపూర్ణముగా ముద్రితమైన మొట్టమొదటి బైబిలు 1535లో వెలువడినది. దానిని సిద్ధపరచిన మైల్స్ కవర్డేలు, పాతనిబంధనకు మూలమైన హీబ్రూలో గాని, కొత్తనిబంధనకు మూలమైన గ్రీకులో గాని గొప్ప పండితుడు కాడు; ఆ లోపమును కప్పిపుచ్చుకొనినవాడును కాడు. అయిదుగురు అనువాదకులు తనకు దారి చూపిరని రాజునకు గావించిన అంకితములోనే చెప్పుకొనెను. లూథరు జర్మను బైబిలును, జూరిచ్ పండితుల బైబిలును, రెండు లాటిను పాఠములను, విలియం టిండేలు అంతకుమున్ను ఆంగ్లీకరించిన భాగములను ఎదుట నుంచుకొని, వానిలో మేలైనది ఏరుకొని, చెవికింపైన పలుకుబడిలో కూర్చెను.

1488 ప్రాంతమున యార్క్‌షైరులో జన్మించి, కేంబ్రిడ్జిలోని అగస్తీనియను మఠమున చేరిన కవర్డేలు, మఠాధిపతి రాబర్టు బార్న్సు సాంగత్యమున సంస్కరణవాదియై, మఠవేషమును విడిచి విదేశముల కేగెను. బిషప్పుల అనుమతి లేక బైబిలును దేశభాషలోనికి తెచ్చుట ఇంగ్లండులో నేరమైన కాలమది. టిండేలు 1536లో మతద్రోహి యను నిందపై ప్రాణములు కోల్పోయెను. అయినను, రోముతో తెగతెంపులు చేసికొనిన ఎనిమిదవ హెన్రీ కొలువులో మంత్రి థామస్ క్రామ్వెలు ప్రతి చర్చిలోను ఆంగ్ల బైబిలు ఉండవలెనని సంకల్పించి, ఆ భారమును కవర్డేలుపై మోపెను. 1538లో పారిసునందు ఆరంభించిన ముద్రణను మతవిచారణాధికారులు అడ్డగించి కాగితములను పట్టుకొనగా, అచ్చుయంత్రములను, అక్షరములను, పనివారిని సైతము లండనునకు తరలించి, మరుసటి యేట ఆ ‘మహా బైబిలు’ను ముగించిరి.

1540లో క్రామ్వెలు శిరశ్ఛేదముతో మరల ప్రవాసము. 1551లో ఎక్సిటరు బిషప్పు పదవి. రెండేండ్లకే కేథలిక్కు రాణి మేరీ సింహాసన మెక్కగా పదవీభ్రష్టత, నిర్బంధము. ఆపై డెన్మార్కు రాజు మధ్యవర్తిత్వమున విడుదల, మూడవ ప్రవాసము. ఎలిజబెత్తు కాలమున స్వదేశమునకు మరలియు బిషప్పు పీఠమును స్వీకరింపక, లండను వంతెన చెంతనున్న సెయింట్ మాగ్నసు చర్చిలో గురువుగా నుండి, ప్రభుత్వము విధించిన యాజకవస్త్రములకు మనసొప్పక 1566లో దానిని సైతము విడిచి, 1569లో కన్నుమూసెను.

మూలభాషల నెరిగిన పండితమండలి కూర్చిన జేమ్సురాజు బైబిలు 1611లో వెలువడి, క్రమముగా పూర్వపు అనువాదముల నెల్ల వెనుకకు నెట్టెను. 1662లో ఆంగ్లికను ప్రార్థనగ్రంథమును సవరించినప్పుడు పత్రికలకును సువార్తలకును ఆ కొత్త పాఠమునే గ్రహించిరి గాని, దావీదు కీర్తనలను మాత్రము కవర్డేలు కూర్చినట్లే నిలిపిరి. నిత్యము వానిని గానము చేయు గాయకబృందముల కంఠములకును, వినువారి వీనులకును అవి అంతగా అలవడినవి. పాండిత్యమున నున్న కొరతను తరువాతివారు పూరింపగలిగిరి. ఆయనకు సహజమైన లయజ్ఞానమునకు మాత్రము సాటి తేలేకపోయిరి.