ఉత్తుత్తి మాత్ర ప్రాణం పోసిందా?

అమెరికాలో 1960ల్లో మొదలైన కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో, అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చిన మగవాళ్లకు క్లోఫైబ్రేట్ అనే కొలెస్టరాల్ మందు ఇచ్చి చూశారు. ఇచ్చిన మాత్రల్లో నూటికి 80కి తగ్గకుండా మింగినవాళ్లలో ఐదేళ్లలో చనిపోయింది 15 శాతం. ఎగ్గొట్టినవాళ్లలో దాదాపు 25 శాతం. ఇంకేం, మందు పనిచేసినట్టే!

ఆగండి. ఇంకో వర్గానికి ప్లాసిబో, అంటే మందే లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. తమవి ఉత్తుత్తివని వాళ్లకు తెలియదు. అక్కడా బుద్ధిగా మింగినవాళ్లలో మరణాలు 15 శాతం, ఎగ్గొట్టినవాళ్లలో 28. ఈ లెక్కలు 1980లో అచ్చయ్యాయి. నన్నడిగితే ఎపిడెమియాలజీ పాఠం వీటితోనే మొదలుపెట్టాలి.

మాత్రలో ఏమీ లేదు కాబట్టి, ఉన్నదేదో మింగిన మనిషిలోనే ఉండాలి. తప్పకుండా మాత్ర వేసుకునేవాడు డాక్టరు రమ్మన్న రోజుకు వెళ్తాడు, సిగరెట్ మానమంటే మానేస్తాడేమో. ఇంట్లో గుర్తుచేసే మనిషి ఉందేమో. అటు మానేసినవాళ్లలో కొందరు అప్పటికే బాగా నీరసించి, మాత్ర గొంతు దిగక మానేసి ఉండొచ్చు. ఇలా అలవాటునీ ఫలితాన్నీ రెండింటినీ వెనకనుంచి నడిపించే మూడోదాన్ని కన్‌ఫౌండర్ అంటారు.

దీన్ని కాకతాళీయంతో కలిపేయకూడదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగితే అది కాకతాళీయం. దేని దారి దానిదే. ఈదురుగాలి వచ్చి కాకిని చెట్టెక్కించి, ఆ గాలే పండునూ రాల్చితే అది కన్‌ఫౌండింగ్. వెయ్యి చెట్ల కింద కాపు కాస్తే కాకతాళీయం బండారం బయటపడుతుంది. గాలి సంగతి పట్టించుకోకుండా లక్ష చెట్లు చూస్తే మాత్రం కాకి మీద నేరం ఇంకా గట్టిగా రుజువవుతుంది!

మరి గాలిని కొలిచి లెక్కలోంచి తీసేస్తే? అదీ చేశారు. ప్లాసిబో వర్గంలోని 40 లక్షణాల తేడాలను సవరించి చూసినా మరణాలు 16, 26 శాతాల దగ్గరే ఆగాయి. కొలిచిన గాలి పోయింది, కొలవనిది మిగిలింది.

ఆడవాళ్ల హార్మోన్ మాత్రల దగ్గర ఇది పెద్ద పేచీ అయింది. 1976లో మొదలైన నర్సెస్ హెల్త్ స్టడీ 1991లో ఒక ఫలితం ప్రకటించింది: ముట్లుడిగిన 48,470 మందిలో, ఈస్ట్రోజెన్ వాడుతున్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు 44 శాతం తక్కువ. తర్వాత విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్‌లో 16,608 మందిని చీటీలు వేసినట్టు రెండు వర్గాలుగా విడగొట్టారు. ఎవరికి ఏ మాత్రో తేల్చింది చీటీయే, వాళ్ల అలవాట్లు కావు. ఒక వర్గానికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చారు. 2002లో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఏడాదికి 10,000 మందిలో గుండెజబ్బు కేసులు ప్లాసిబో వర్గంలో 30 ఉంటే, హార్మోన్ల వర్గంలో 37.

డబ్బు, ఒంటిమీద శ్రద్ధ ఉన్నవాళ్లే ఆ మాత్రలు వాడారు, అందుకే నర్సుల లెక్క తప్పిందని చాలామంది తీర్పు చెప్పేశారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ అందరూ నర్సులే కదా, బతుకుల్లో అంత తేడా ఎక్కడిది?

ఇంకో చిక్కు వాళ్ల ప్రశ్నపత్రంలో ఉంది. అది రెండేళ్లకోసారి వెళ్లేది. ఒకామె మాత్ర మొదలుపెట్టి, తర్వాతి ప్రశ్నపత్రం అందేలోపే గుండెపోటుకు గురైతే, పాత కాగితం ప్రకారం ఆమె ‘వాడనివాళ్ల’ ఖాతాలో పడేది. ఇది కన్‌ఫౌండింగ్ కాదు, బయాస్. మనం పక్షపాతం అంటాం గానీ ఇక్కడ ఎవరూ ఎవరి పక్షమూ వహించలేదు. తక్కెడే ఒక పక్కకు వాలి ఉంది.

2008లో మిగెల్ హెర్నాన్ బృందం ఆ నర్సుల వివరాలనే, మాత్ర మొదలైన దగ్గర్నుంచి ప్రయోగం తరహాలో మళ్లీ లెక్కగట్టింది. ఈసారి మొదటి రెండేళ్లలో గుండెజబ్బు పెరగడం నర్సుల్లోనూ కనిపించింది. పైగా ప్రయోగంలో చేరినవాళ్ల సగటు వయసు 63; నర్సులు ఎక్కువమంది ముట్లుడిగిన కొత్తలోనే మాత్ర మొదలుపెట్టారు. ఆ తేడానూ, ఎంతకాలం గమనించారన్నదాన్నీ లెక్కలోకి తీసుకున్నాక రెండు అధ్యయనాల తగాదా చాలామటుకు తీరిపోయింది.