మనసు బాధకు పుస్తకాల తోడు

పిల్లవాడు నిద్ర మాని, ఎవరితోనూ మాట్లాడకుంటే ‘గాలి సోకిందేమో’ అనడం బరంపురం, గంజాం తెలుగు ఇళ్లలో కొత్త కాదు. ఆ భయం పోగొట్టే నవలలు మన భాషలోనే ఉన్నాయి.

నవీన్ ‘అంపశయ్య’ (1969) యూనివర్సిటీ హాస్టల్ విద్యార్థి రవి మనసులో ఒక్క రోజు సాగే అలజడి. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్యను న్యూనతాభావం పీడిస్తుంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ విషాదాంతం. పై తరగతుల పిల్లలకిచ్చే ముందు మనం చదవాలి, తర్వాత వారితో మాట్లాడాలి. తల్లి మానసిక వ్యాధితో నలిగే కుటుంబం కథ జెర్రీ పింటో ఆంగ్ల నవల ‘ఎం అండ్ ద బిగ్ హూమ్’ (2012).

పుస్తకం మందు కాదు. దిగులు రెండు వారాలు దాటితే బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలుద్దాం. చావు మాట వస్తే ఒక్క రోజూ ఆగవద్దు. టెలి మానస్ ఉచిత నంబరు 14416.