పెద్దాసుపత్రికి వెళ్ళేముందు

“ఎందుకైనా మంచిది, ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించండి” అని ఊళ్ళో డాక్టరు చీటీ రాసిచ్చిన రోజుకీ, క్యాన్సర్ డాక్టరు ముందు కూర్చునే రోజుకీ మధ్య కొన్ని రోజులు గడుస్తాయి. ఒక్కోసారి వారాలు. రొమ్ములో గడ్డ, నోట్లో మానని పుండు, ముక్క పరీక్ష రిపోర్టు ఉన్న ప్లాస్టిక్ కవరు, వీటితోనే మనిషి ఆ రోజులన్నీ తిని పడుకుని లేస్తాడు. వైద్యం ఇంకా మొదలుకాలేదు గనక ఈ రోజులు ఏ ఆసుపత్రి లెక్కలోకీ రావు. భయం ముదిరేది మాత్రం అప్పుడే. ఆ భయాన్ని ఒక మంచిమాట ఎంతవరకు తగ్గించగలదో పరిశోధకులు కొలిచి చూశారు. మన ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళందరూ ఆ ఫలితాలు తెలుసుకోవాలని నా కోరిక.

ముందు ఎదురుచూపు సంగతి. కీడు తప్పదని తెలిసినప్పటి కంటే, అవునో కాదో తేలనప్పుడే మనసు ఎక్కువ నలుగుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో దీన్ని ప్రయోగం చేసి చూపించారు. 45 మంది చేత కంప్యూటర్లో ఒక ఆట ఆడించారు. తెరమీద రాళ్ళు కనబడతాయి, ఏ రాయి కింద పాముందో ఊహించాలి. పాము ఉంటే చేతికి చురుక్కుమని కరెంటు షాకు తగులుతుంది. ఆడుతున్నంతసేపూ వాళ్ళ చర్మం మీది చెమటనీ, కంటిపాపల పరిమాణాన్నీ కొలుస్తూ వచ్చారు. షాకు ఖాయమని తెలిసినప్పుడు ఉన్న ఒత్తిడి కంటే, తగిలేందుకూ తప్పేందుకూ సగం సగం అవకాశం ఉన్నప్పటి ఒత్తిడే ఎక్కువని తేలింది. రిపోర్టు చేతిలో పట్టుకుని అపాయింట్‌మెంటు కోసం చూస్తున్న మనిషి రోజుల తరబడి ఉండేది ఆ సగం సగం దగ్గరే.

భయపడ్డప్పుడు మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం ప్రమాదం వచ్చిందని కబురు పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ముందు అడ్రినలిన్‌నీ, కాసేపటికి కార్టిసాల్‌నీ రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఎదురుగా పాముంటే ఇదంతా ప్రాణం కాపాడే ఏర్పాటే. డాక్టరు గదిలో మాత్రం అడ్డం తిరుగుతుంది. దృష్టంతా ప్రమాదం మీదే నిలిచిపోవడంతో మిగతా మాటలు చెవిన పడ్డా మనసుకెక్కవు. “క్యాన్సర్” అన్నాక డాక్టరు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదని ఎంతోమంది చెబుతారు. వాళ్ళు వినకపోవడం కాదది, భయపడిన మెదడు పనిచేసే తీరే అంత. డాక్టర్లు చెప్పిన విషయాల్లో 40 నుంచి 80 శాతం దాకా రోగులు అప్పటికప్పుడే మరచిపోతారనీ, గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందనీ 2003లో వచ్చిన ఒక సమీక్షావ్యాసం లెక్క చెప్పింది. మందు ఎప్పుడు వేసుకోవాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో మరచిపోతే వైద్యమే దెబ్బతింటుంది. అందుకే రోగి ఆందోళన తగ్గించడాన్ని మర్యాద కిందో, మంచితనం కిందో జమకట్టి పక్కన పెట్టడానికి వీల్లేదు.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 1999లో అచ్చువేసిన అధ్యయనం ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చింది. 210 మంది ఆడవాళ్ళకు ఒక వీడియో చూపించారు. వాళ్ళలో 123 మంది రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు. వీడియోలో ఒక డాక్టరు రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒకామెకు ఏయే చికిత్సలున్నాయో వివరిస్తాడు. సగంమందికి మామూలు వీడియో, మిగతావాళ్ళకు అదే వీడియోలో మరో 40 సెకన్ల మాటలు కలిపినది. ఆ మాటల్లో కొత్త మందు గురించి గానీ, బతికే అవకాశాల గురించి గానీ ఏమీ లేదు. ఇది మీకు ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు, ఈ దారిలో మీరొక్కరే కాదు, ప్రతి అడుగులో నేనుంటాను అన్న అర్థం వచ్చే నాలుగు వాక్యాలు, అంతే. అవి విన్నవాళ్ళలో ఆందోళన రెండో గుంపు కంటే స్పష్టంగా తగ్గింది. డాక్టరు తమ మేలు కోరేవాడనీ, ప్రశ్నలు అడగనిచ్చే మనిషనీ వాళ్ళకు అనిపించింది. చికిత్స సంగతి రెండు వీడియోల్లోనూ ఒకటే!

ఆ అధ్యయనమే ఇంకో నిజం కూడా చెప్పింది. డాక్టరు ఇచ్చిన సమాచారం రెండు గుంపులకూ అంతంతమాత్రమే గుర్తుంది. దయగల మాట భయం తగ్గించింది గానీ జ్ఞాపకం పెంచలేదు. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకుల ఫలితం వేరుగా వచ్చింది. వాళ్ళు కూడా ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళకు వీడియో చూపించి, చర్మం మీది చెమటను కొలిచారు. “ఏం జరిగినా మిమ్మల్ని వదిలెయ్యం, మేం చూసుకుంటాం” అని డాక్టరు భరోసా ఇచ్చిన వీడియో చూసినవాళ్ళ ఒళ్ళు తొందరగా కుదుటపడింది, విన్న విషయాలు కూడా ఎక్కువగా గుర్తున్నాయి. రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. మంచిమాట తప్పకుండా కావాలి, దాంతోపాటు కాగితమూ కావాలి. ముఖ్యమైన సంగతులు తెలుగులో రాసివ్వాలి. డాక్టరును అడిగి మాటల్ని ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు. “ఇంటికెళ్ళాక మీవాళ్ళకు ఏమని చెబుతారో ఒకసారి నాకు చెప్పండి” అని డాక్టరు అడిగితే, ఎక్కడ అర్థం కాలేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఓపీలో అంత టైం ఎక్కడిది అంటారు. డాక్టర్ల మీద ఉన్న ఒత్తిడి నిజమే, కాదనను. అయితే ఆ మాటలు అందరికంటే ఎక్కువ అవసరమయ్యేది మొదటిసారి వచ్చినవాళ్ళకు. రోజుకు 15 మంది కొత్తవాళ్ళు వచ్చారనుకున్నా, మనిషికి 40 సెకన్ల చొప్పున మొత్తం 10 నిమిషాలు.

పైగా భయం తగ్గించే పని డాక్టరు గదిలో మొదలైతే ఆలస్యమైనట్టే. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ క్యాన్సర్ క్లినిక్‌లో 1998 నాటి ఒక అధ్యయనం చేసింది చాలా చిన్న పని. కొత్తగా వచ్చిన రోగుల్లో కొందరికి ముందుగా క్లినిక్ అంతా తిప్పి చూపించారు. ఇక్కడ రక్తం తీస్తారు, ఇక్కడ మందు ఎక్కిస్తారు, అనుమానం వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని చెప్పి, కౌన్సెలర్‌తో కూర్చోబెట్టి వాళ్ళ ప్రశ్నలకు జవాబులిచ్చారు. వారం తరవాత చూస్తే, ఇదేమీ లేకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళ కంటే వీళ్ళకు ఆందోళన తక్కువ, డాక్టర్ల మీద నమ్మకం ఎక్కువ.

హైదరాబాదులో ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ దూరపు ఊళ్ళ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళు ముందుగా చూసేది డాక్టరు మొహం కాదు, ఓపీ చీటీ రాసే కిటికీ. అక్కడ వినబడే మాట చాలాచోట్ల ఇలా ఉంటుంది: “లైన్లో నిలబడండి, పిలుస్తారు.” అదే కిటికీ వెనక నుంచి, “కూర్చోండమ్మా. డాక్టరుగారు పదింటికి వస్తారు. మీ ముందు ఇరవైమంది ఉన్నారు, మీ వంతు వచ్చేసరికి పన్నెండు దాటొచ్చు. ఈలోగా టిఫిన్ చేసి రండి. ఆరోగ్యశ్రీ కార్డుంటే ఆ పక్క బల్ల దగ్గర ఆరోగ్యమిత్రకు చూపించండి” అని వినబడితే? ఒక్కో వాక్యం ఒక్కో సందేహాన్ని తీసేస్తుంది. పాము ఏ రాయి కింద ఉందో ఆ గుమాస్తా చెప్పలేడు. పాము లేని రాళ్ళు ఏవో మాత్రం చెప్పగలడు.

మొదటిరోజు ఏం జరుగుతుందో ముందే ఫోన్లో చెప్పడం కూడా ఇలాంటిదే. వెళ్ళగానే కోసేస్తారనీ, ఆ రోజే కరెంటు పెడతారనీ, జుట్టంతా ఊడిపోతుందనీ అనుకుని వణికేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. చాలామందికి మొదటిరోజు జరిగేది పాత రిపోర్టులు చూడడం, చేత్తో తాకి పరీక్షించడం, ఇంకొన్ని పరీక్షలు రాయడం. చికిత్స సాధారణంగా ఆ తరవాతే. ముక్క పరీక్ష చేసిన లేబొరేటరీ నుంచి స్లైడ్లు, బ్లాకులు తెమ్మంటారు కూడా. ఆ సంగతి ముందే చెబితే ఒక ప్రయాణం తప్పుతుంది.

ధైర్యం చెప్పడమంటే “ఏం కాదులే” అనడం అనుకుంటాం. ఆ మాట రోగి నోరు మూయిస్తుంది. ఇంకా పరీక్షలే కాకుండా ఏం కాదని డాక్టరుకు మాత్రం ఎలా తెలుసు? దానికి బదులు “భయంగా ఉందా?” అని అడగడం మంచిది. అడిగితే భయం పెరుగుతుందేమోనన్న సంకోచం అక్కర్లేదు. ఎదుట కనబడుతున్న భావానికి ఒక పేరు పెట్టినప్పుడు అమిగ్డాలా ఉద్రేకం తగ్గుతుందని లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2007లో మెదడు స్కాన్లతో చూపించారు. అడగడం ఒక సగమైతే, జవాబు పూర్తయ్యేదాకా ఆగడం రెండో సగం. అమెరికాలో 1984 నాటి ఒక పరిశీలనలో, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు మధ్యలో అందుకున్నారు.

మన దగ్గర ఇంకో చిక్కుముడి ఉంది. కొడుకు ముందుగా లోపలికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, “డాక్టరుగారూ, అమ్మ ముందు ఆ పేరెత్తకండి, తట్టుకోలేదు” అంటాడు. ప్రేమతోనే అంటాడు. దీన్ని మన వెనకబాటుతనంగా చూడనక్కర్లేదు. 1961లో అమెరికన్ డాక్టర్లను అడిగితే దాదాపు 90 శాతం మంది రోగికి క్యాన్సర్ అని చెప్పకపోవడమే తమ పద్ధతి అన్నారు. 1979కి 97 శాతం మంది చెబుతామన్నారు. కానీ దాచడం వల్ల భయం తగ్గుతుందా అంటే, నేను నమ్మను. గేటు మీద బోర్డు ఆమెకూ కనబడుతుంది. ఇంట్లో అందరూ గుసగుసలాడుకుంటుంటే ఆమె ఎవరితోనూ చెప్పుకోలేక, ఆ సగం సగం దగ్గరే ఒంటరిగా ఉండిపోతుంది.

చేదు కబురు చెప్పడానికి బెయిల్, బక్‌మన్ తదితర పరిశోధకులు 2000లో రూపొందించిన పద్ధతిలో, చెప్పేముందు అడగవలసినవి రెండున్నాయి. రోగికి ఎంత తెలుసో అడగాలి, ఇంకా ఎంత తెలుసుకోవాలనుందో అడగాలి. డాక్టరు ఆ కొడుకుతో, “మీ బాధ అర్థమైంది బాబూ. ఆమె అడగనిది నేనై చెప్పను, అడిగితే అబద్ధమూ చెప్పను. ముందు ఆమె మాట విందాం” అనవచ్చు. తరవాత ఆమెతో, “అమ్మా, మీకు ఏమై ఉంటుందని మీరనుకుంటున్నారు?” అనవచ్చు. కొందరు “నాకేం చెప్పకండి, మావాడితోనే మాట్లాడండి” అంటారు. అదీ వాళ్ళ ఇష్టమే, మన్నించాలి. కొందరు మాత్రం, “క్యాన్సరే కదా. పిల్లలు బెంగపడతారని నేనే అడగలేదు” అంటారు. అప్పుడిక కొడుకు తలుపు దగ్గర కాపలా కాయక్కర్లేదు. పక్కన కూర్చుని మందుల పేర్లూ, మళ్ళీ రావలసిన తారీకూ నోటుపుస్తకంలో రాసుకోవచ్చు, అమ్మ అడగాలనుకున్నవి అమ్మ చేతే అడిగించవచ్చు.