జుట్టు మాత్ర.. జర పైలం!

గల్ఫ్‌కు వచ్చిన రెండేళ్లకే దువ్వెన నిండా వెంట్రుకలు. 'అంతా ఈ సముద్రం నీళ్ల వల్లనే' అని మనవాళ్లలో ఎవర్నడిగినా అంటారు. మేమూ అట్లనే అనుకున్నాం. కానీ నుదురు పైకి జరిగి, నడినెత్తి పలచబడే బట్టతలకు కారణం వంశపారంపర్యం, దానికి తోడు డీహెచ్‌టీ అనే హార్మోన్. నీళ్లను తిట్టి లాభం లేదు.

మా గదిలో ఉండే జగిత్యాల తమ్ముడికి రెండు నెలల్లో పెళ్లిచూపులు. ఎవరో చెప్పారని ఫినాస్టెరైడ్ మాత్రలు తెచ్చుకున్నాడు. 'అన్నా, వెంట్రుకలు వస్తయి గని మగతనం పోతదట గద?' అని రాత్రి అన్నాల దగ్గర అడిగాడు. అందరం నవ్వినం గానీ, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు.

మొదట ప్రొస్టేట్ వాపుకు వాడిన ఈ మందుకు, ఒక మిల్లీగ్రాము మోతాదులో బట్టతల కోసం 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పటి పరీక్షల్లో మాత్ర మింగిన నూరు మందిలో దాదాపు నలుగురికి కోరిక తగ్గడం, అంగం గట్టిపడకపోవడం లాంటి ఇబ్బందులు కనిపించాయి. మందు లేని ఉత్తి మాత్ర మింగినవాళ్లలోనూ నూటికి ఇద్దరు అదే చెప్పారు! చాలామందికి మందు ఆపితే తగ్గిపోతుంది. ఆపినా తగ్గలేదన్న ఫిర్యాదులు రావడంతో 2012లో ఆ సంగతి కూడా అమెరికాలో మందు కాగితంలో చేర్పించారు. ఆత్మహత్య ఆలోచనలూ దీని దుష్ప్రభావమేనని 2025లో యూరప్ మందుల సంస్థ తేల్చింది.

మాకైతే ఈ చివరిదే పెద్ద మాట అనిపించింది. నిద్ర పట్టకపోతే, మనసు బాగాలేకపోతే 'ఇల్లు యాదికొచ్చింది' అని సర్దుకుంటాం. మాత్ర మీద అనుమానమే రాదు. ఇక భార్య ఊళ్లో ఉన్నవాడికి రెండో ఇబ్బంది వచ్చిందో లేదో సెలవుకు పోతే గానీ పూర్తిగా తెలియదు.

ఖర్చు కలిసొస్తుందని 5 మిల్లీగ్రాముల మాత్రను ముక్కలు చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ ముక్కల్ని, పొడిని గర్భిణులు ముట్టుకోకూడదు, కడుపులోని మగబిడ్డకు ప్రమాదం. మాత్ర వాడేవాళ్లు రక్తదానం చేయకూడదు, ఆపాక కూడా నెల రోజులు ఆగాలి.

తమ్ముణ్ని బతిమాలి క్లినిక్‌కు తోలినం. డాక్టర్ ముందు అడిగింది జుట్టు సంగతి కాదట, నిద్ర సంగతి. ఫలితం కనిపించాలంటే రోజూ వాడినా కనీసం మూడు నెలలు పడుతుందనీ, ఆపితే ఏడాదిలోపు మళ్లీ మొదటికొస్తుందనీ చెప్పాడట. 'గట్లయితే పెళ్లిచూపులకు అందదు గద అన్నా' అంటూ వచ్చి మంచమ్మీద కూలబడ్డాడు. మాత్రల డబ్బా ఇప్పటికీ సూట్‌కేసులోనే ఉంది.