మేడ మీద బాత్రూమ్ ఇరుకుగా ఉందా? గోడ పగలగొట్టే ముందు ఇవి చూడండి
5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు బాత్రూమ్ అంటే మొత్తం 35 చదరపు అడుగులే. రెండున్నర అడుగుల తలుపు లోపలికి తెరుచుకుంటే అందులో దాదాపు 5 చదరపు అడుగులు దానికే పోతాయి. అందుకే ముందు తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి, లేదా స్లైడింగ్ డోర్ పెట్టించండి. వాష్ బేసిన్‌ను మూలకు జరపండి. కమోడ్ మాత్రం ఉన్నచోటే ఉంచడం మేలు. దాని 4 అంగుళాల పైపును దూరం జరిపితే, వాలు కోసం ఫ్లోర్ ఎత్తు పెంచాల్సి రావచ్చు.

అసలు రిస్క్ లీకేజీ. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్లు నిలబెట్టి కనీసం 24 గంటలు ఆగండి. కింది గది సీలింగ్‌కు చెమ్మ రాకపోతేనే టైల్స్ మొదలుపెట్టమనండి. పాత ఇళ్లలో గోడలే స్లాబ్ బరువు మోస్తుంటాయి. ఇంజినీర్‌ను అడగకుండా వాటి జోలికి వెళ్లొద్దు.